సూరిబాబుకి నువ్విచ్చిన యోగ్యతాపత్రం

లత పేట, యాంగూన్ (పాత రంగం)
ఆదివారం మధ్యాహ్నం

అన్నయ్యకు చెల్లెలు రమణ నమస్కరించి రాస్తున్నది.

నువ్వూ, వదినా, పిల్లలూ, పెద్దమ్మా కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను. పెద్దమ్మ మోకాళ్లకు నేను పంపిన తైలం రాస్తున్నారా, లేక సీసా బాగుందని అద్దాల బీరువాలో పెట్టి చూసుకుంటున్నారా? రాయమని చెప్పు. అయిపోతే మళ్లీ పంపుతాను. ఇక్కడ మేమూ క్షేమమని రాయడం మర్యాద. మీ బావగారు క్షేమం, ఆయన మేనత్త అప్పాయమ్మ అత్త క్షేమం. నాకు మాత్రం రక్తపోటు ఎక్కువైంది, దానికి కారణం నువ్వు.

ఇదంతా ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. మంగళవారం చెప్పబోతే "సిగ్నల్ బాలేదమ్మా, వినపడ్డం లేదు" అని పెట్టేశావు. సిగ్నల్ బాగానే ఉంది. మీ వంటింట్లో కుక్కరు మూడు కూతలు కూయడం నాకు ఇక్కడికి వినపడింది. అందుకే ఉత్తరం రాస్తున్నాను. దీన్ని మధ్యలో పెట్టెయ్యడానికి వీల్లేదు. విశాఖపట్నం వెళ్తున్న మినుముల వ్యాపారి ఒకాయన దీన్ని తెచ్చి నీ చేతిలోనే పెడతానన్నారు. ఆయన ఎదురుగానే విప్పి చదువు.

ముందు మా సంగతులు రాస్తాను, లేకపోతే తగవు కోసమే కాగితం తీసిందని వదిన అంటుంది. ఆయన రోజూ గోడౌనుకి వెళ్లి మినుములూ కందులూ గుప్పెట్లో పట్టి చూసి, పుచ్చులు ఏరి, బస్తాల మీద గుర్తులు వేయించి, సాయంత్రానికి నెత్తి నిండా దుమ్ముతో వస్తున్నారు. మీరు పొద్దున తినే ఇడ్లీల్లో పప్పు ఆయన చెయ్యి తగిలిందే అయ్యుంటుంది. ఎండలు చెప్పలేను. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు మోటారు వేసి బిందెలన్నీ నింపుకోవడం, అది లేనప్పుడు విసనకర్ర పట్టుకుని బాల్కనీలో కూర్చోవడం. కరివేపాకు కోసం పబేడాన్ దాకా నడిచి వెళ్తాను. అక్కడ దుకాణాల్లో హిందీ నడుస్తుంది, ఒకరిద్దరు తెలుగు కూడా మాట్లాడతారు. వచ్చి రెండేళ్లయింది, బర్మా భాషలో కూరగాయల పేర్లూ అంకెలూ వచ్చాయి. కోపం వస్తే తిట్టడానికి మాటలు మాత్రం రాలేదు. అందుచేత ఇన్నాళ్ల కోపం అంతా లోపలే పోగుపడి ఉంది, నీకు పంపుతున్నాను.

మేముండే ఇల్లు ఫోటోల్లో చూశావు కదా. అత్తమ్మ పుట్టి పెరిగిన మేడ, మాది మూడో అంతస్తు. సన్నటి వీధి, రెండువైపులా మేడలు, బాల్కనీ నుంచి కిందికి వేలాడేసిన తాడు. తాడు చివర క్లిప్పు ఉంటుంది, కింద పేపరో కూరో తగిలిస్తే పైకి లాక్కుంటాం. మా తాడు దిగే చోటే దో ఖిన్ అనే ఆవిడ పొద్దున్నే బల్ల వేసుకుని మొహింగా అమ్ముతుంది. చేపల పులుసులో సేమ్యాలాంటివి వేసి ఇస్తారు, అది. దో అంటే ఇక్కడ పెద్ద ఆడవాళ్లకు ఇచ్చే మర్యాద. నన్ను ఈ ఊళ్లో మొదటగా నవ్వుతూ పలకరించిన మనిషి ఆవిడ. ఒకరి మాట ఒకరికి తెలియకుండానే రెండేళ్లుగా స్నేహం చేస్తున్నాం. నాకు జ్వరమొచ్చినప్పుడు మూడంతస్తులు ఎక్కి గంజి తెచ్చిపెట్టింది.

పోయిన ఏడాది వేసవిలో భూమి కదిలింది కదా. ఉత్తరాన జరిగినంత ఘోరం ఇక్కడ లేదు గానీ మా మేడ ముందుగోడ బీటలు వారింది. బాల్కనీ కింద ఉన్న బీటలో రావి మొక్క మొలిచింది. ఇక్కడ ప్రతి పాత మేడకీ ఇదే రోగం. పక్షులు విత్తనం వేస్తాయి, వాన పెంచుతుంది. దాన్ని మాత్రం ఎవరూ తియ్యరు. బర్మా వాళ్లకు అది బుద్ధుడి చెట్టు, అందులో దేవతలు ఉంటారంటారు. మనకు విష్ణుమూర్తి. ఇలా అందరూ దండం పెట్టుకుంటూ ఉంటే అది గోడను చీలుస్తూ ఉంటుంది. కింద అంతస్తు పెద్దాయన పైకి వచ్చి, వానలు పడేలోగా మీ వైపు గోడ బాగు చేయించండి, కింద మనుషులు తిరుగుతారు అని బర్మా భాషలో చెప్పి వెళ్లాడు. అత్తమ్మ నాకు తెలుగులో చెప్పింది.

మేస్త్రి ఎవరన్న మాట వచ్చింది. అత్తమ్మ, "యోహానుని పిలు. ఆడు ఇన్సేన్లో ఉంతాడు. ఆల తాత కూడా మేస్త్రే, ఈ ఈదిలో సగం గోడలు ఆలే కట్టినారు" అంది. మీ బావగారూ అదే అన్నారు. ఎవరిని పిలిచినా ముందు వాళ్లు చేసిన నాలుగిళ్లు చూపించమని అడుగు, ఆ ఇంటివాళ్లతో మాట్లాడు, ఏం చేస్తాడో కాగితం మీద రాయించుకో అని కూడా అన్నారు. నేను వినలేదు. "మా అన్నయ్య స్వయంగా రాసిచ్చాడు, ఇంకేం చూడాలి?" అన్నాను. ఆ మాట అన్నది నేనే, ఒప్పుకుంటున్నాను. కానీ ఆ మాట నా నోట్లో పెట్టింది నువ్వు.

నీకు గుర్తు లేకపోవచ్చు, సంతకాలు పెట్టినవన్నీ నీకు ఎలా గుర్తుంటాయి! పోయిన దీపావళికి, ఇక్కడ పనులు చేసుకుంటున్న మన వీధి సూరిబాబు ఊరొచ్చి, బళ్లో చదువుకున్న పాత శిష్యుణ్నని కాళ్లకు దండం పెట్టి, ఒక కాగితం రాయించుకుని పోయాడు. "సంబంధిత పెద్దలకు" అని మొదలుపెట్టి మూడు వాక్యాలు రాశావు. ఇతడు నాకు చిన్ననాటి నుండి తెలిసినవాడు. సత్ప్రవర్తన గలవాడు. గృహనిర్మాణపు పనులలో నిపుణుడు, నమ్మదగినవాడు. కింద నీ సంతకం, ప్రధానోపాధ్యాయుడు అన్న ముద్ర. రిటైరై ఆరేళ్లయినా ఆ ముద్ర ఇంకా నీ దగ్గర ఎందుకుందో దేవుడికి తెలియాలి.

మొదటి వాక్యం నిజమే. రెండోది బళ్లో ప్రతివాడికీ రాసేవాడివి. ఖాళీ సర్టిఫికెట్ల మీద ముందే సంతకాలు పెట్టి బీరువాలో పెట్టుకునేవాడివి, పిల్లలు వచ్చి పేరు నింపించుకుని పోయేవారు. బడి బావి దగ్గర మోటారు తీగలు కోసి అమ్ముకున్నవాడికి కూడా సత్ప్రవర్తనే. ఇక మూడో వాక్యం. వాడు కట్టిన గోడ ఒక్కటైనా ఎప్పుడైనా చూశావా? చెయ్యి పెట్టి తడిమావా? గృహనిర్మాణం గురించి నీకేం తెలుసు? నీ ఇంటి మెట్టు విరిగితే నాలుగేళ్లు దాని మీద నుంచి దాటుకుంటూ తిరిగావు.

ఆ కాగితానికి ఇక్కడ ఎంత విలువో నీకు తెలియదు. పబేడాన్ దాటాక మనవాళ్ల రాములవారి గుడి ఉంది. పెద్దవాళ్లకు తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం ఒకరిద్దరికి తప్ప రాదు. పిల్లలకు మాటలే అంతంతమాత్రం. అందుకని స్వదేశం నుంచి ఎవరికి ఉత్తరం వచ్చినా శనివారం భజన అయ్యాక అందరి ముందూ చదివించుకుంటారు. చదివినవాళ్లు కింద సంతకం పెట్టాలి. ఉన్నది ఉన్నట్టు చదివాను, ఒక్క ముక్క కలపలేదు, ఒక్క ముక్క మింగలేదు అని ఆ సంతకానికి అర్థం. తాతల నాటి నుంచి వస్తున్న కట్టుబాటు ఇది. సూరిబాబు నీ కాగితం తెచ్చి గుడి పెద్ద పోలారావు తాతగారి చేతిలో పెడితే, తాతగారు నన్ను పిలిచారు. నీ గుండ్రటి దస్తూరీ చూసేసరికి నాకు కళ్లు చెమ్మగిల్లాయి. మా అన్నయ్య అని చెప్పుకుని, గొంతు సవరించుకుని మరీ చదివాను. ముసలివాళ్లు చేతులు జోడించి విన్నారు. నీ సంతకం కింద నా సంతకం పెట్టాను. ఆ రోజు నాకున్నంత గర్వం నా పెళ్లినాడు కూడా లేదు.

ఆ తర్వాత సూరిబాబుకు ఇంకేం కావాలి? ఆ కాగితానికి ప్లాస్టిక్ తొడుగు వేయించి ఇల్లిల్లూ తిప్పాడు. దానితో పాటు బర్మా భాషలో ఇంకో సర్టిఫికెట్, బంగారు రంగు అంచుతో. కాంట్రాక్టరు సర్టిఫికెట్ అన్నాడు. మా ఇంట్లో బర్మా అక్షరాలు చదవగలిగినవాళ్లు ఒక్కరూ లేరు. అత్తమ్మకు మాటలు వచ్చు గానీ చదువు లేదు. అంచు బాగుంది కదా అని ఊరుకున్నాం. మా ముందుగోడ వాడికే అప్పజెప్పాం.

వాడు ఒకరోజు వచ్చి ఫోన్‌తో గోడను నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీశాడు. మర్నాడు ఇద్దరు కూలీలను తెచ్చి వెదురు పరంజా కట్టించాడు. అత్తమ్మ వాడితో, "బాబూ, రావి మొక్కని నరక్కూడదు. ఏరుతో సహా తీసి, పసుపు రాసి, ఫయా కాడ నాటించాల. మీ మావ బతికున్నప్పుడు అలగే సేసేవోడు" అని చెప్పింది. ఫయా అంటే ఇక్కడి పగోడా. కూలీలు బర్మా వాళ్లు, మొక్క దగ్గరికి వచ్చేసరికి తాపీలు కిందపెట్టి పక్కకు తప్పుకున్నారు. సూరిబాబు నా వైపు తిరిగి, "అప్పా, నాను మేస్టారి శిష్యుణ్ని. మీరేటీ సూడక్కర్లేదు. అంతా నాను సూసుకుంతాను" అన్నాడు. నేను చూడలేదు. లోపలికి పోయి వాడికి టీ పెట్టాను.

నాలుగు రోజుల్లో పరంజా విప్పేశాడు. గోడ తెల్లగా మెరిసింది. మొక్క ఏదిరా అంటే ఫోన్ తీసి ఫోటో చూపించాడు. పగోడా ప్రహరీ పక్కన రావి మొక్క, మొదట్లో పూలు. అత్తమ్మ ఆ ఫోన్ తీసుకుని కళ్లకద్దుకుంది. పంచె పెట్టి, తాంబూలం ఇచ్చి పంపింది. ఆ ఫోటోలోది ఎవరి మొక్కో మాకు ఇప్పటికీ తెలియదు. మా మొక్కను వాడు చేసింది ఏమిటంటే, పైన కనిపించే ఆకులూ కొమ్మా తుంచేసి, వేరు గోడలోనే ఉంచి, మీద సిమెంటు పూసి, రంగు వేసేశాడు.

రెండు వానలు పడ్డాయి, అంతే. బాల్కనీ కింద పూత ఉబ్బింది. నేను గమనించి వాడికి ఫోన్ చేస్తే, కొత్త పూత అలాగే ఊపిరి తీసుకుంటుందన్నాడు. తర్వాత బుధవారం పొద్దున ఏడింటికి పెద్ద గుమ్మడికాయంత ముక్క ఊడి కింద పడింది. దో ఖిన్ పొయ్యి ఊదడానికి వంగి ఉంది. ముక్క ఆవిడ భుజం మీద తగిలి బల్ల మీద పడింది, మరుగుతున్న పులుసు చేతి మీద ఒలికింది. నేను ఎలా దిగానో తెలియదు, కాలికి చెప్పులు లేవు. మెడ కింద కంటె ఎముక విరిగింది అన్నయ్యా. మోచేతి నుంచి మణికట్టు దాకా బొబ్బలు. ఆవిడ నా మొహం చూసి పైకి వేలు చూపించి ఏదో అడిగింది. ఎవరో హిందీలో చెప్పారు, బాల్కనీలో కూర్చునే ముసలావిడకు ఏమీ కాలేదు కదా అని అడుగుతోందట. నేను అక్కడే మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

ఆవిడ కూతురు పేరు మా తిడా, ఆ ‘మా’ ఇక్కడ వయసు అమ్మాయిల పేరుకు ముందు పెట్టే మర్యాద. ఆ పిల్ల మాత్రం నన్ను వదిలిపెట్టలేదు. ఆ అమ్మాయి ఏమందో నాకు ఒక్క మాట తెలియలేదు, అత్తమ్మ చెప్పనంది. ఆసుపత్రి నుంచి వచ్చాక పైకి వచ్చి, ఎవరు చేశారీ పని అని అడిగింది. అత్తమ్మ సూరిబాబు ఇచ్చిన బంగారు అంచు కాగితం నకలు తీసి చూపించింది. ఆ అమ్మాయి చదివి నవ్వింది. అలాంటి నవ్వు ఎవరి మొహంలోనూ చూడకూడదు. అత్తమ్మ నాకు చెప్పింది: "ఇది రంగులమ్మే కొట్టోలు ఇచ్చినారట. ఒక్క పూట తరగతికి ఎల్లినందుకట. గోడకి రంగెలగెయ్యాలో సెప్పి, అన్నమెట్టి పంపించీసినారట."

సూరిబాబు ఏమన్నాడో కూడా విను. "అప్పా, ఇది బూమి కదిలిన ఊరు కదేటి. నానేటి సేసేది? మేస్టారికి మాత్రం సెప్పకండేం" అన్నాడు. దో ఖిన్ ఎలా ఉందని అడగలేదు. నీకు చెప్పొద్దన్నాడు, అదొక్కటే వాడి భయం. నేను అప్పుడే నీకు చెప్పాను. నువ్వన్నది నాకు అక్షరం అక్షరం గుర్తుంది. "కుర్రాడు మంచివాడేనమ్మా, ఎక్కడో పొరపాటు జరిగుంటుంది" అన్నావు.

యోహాను మేస్త్రిని పిలిచాం. మొదటే పిలవనందుకు ఒక్క మాట కూడా అనలేదు. అరవై దాటిన మనిషి, ఆదివారం చర్చిలో పాడతాడట, సన్నగా ఉంటాడు. సర్టిఫికెట్ ఏదని మీ బావగారు సరదాకి అడిగితే, మేస్త్రి ఎదురు మేడ వైపు చెయ్యి చూపించి, "ఆ గోడ నానూ మా అయ్యా కట్టినాం. ఎల్లి సూసుకోండి" అన్నాడు. వెళ్లి చూశాం. ఆ ఇంటావిడతో అత్తమ్మ మాట్లాడింది. ఈసారి ఏమేం చెయ్యాలో మీ బావగారు దగ్గరుండి రాయించారు. మేస్త్రి రెండు రోజులు పని మొదలెట్టనే లేదు. సుత్తి కర్ర వైపు తిప్పి పట్టుకుని, మొత్తం గోడను జానెడు జానెడు కొట్టి, చెవి పెట్టి విన్నాడు. డొల్లగా మోగిన చోటల్లా బొగ్గుతో గీత గీశాడు. "ఇనమ్మా, ఇక్కడ గట్టిగుంది. ఇక్కడ సూడు, లోపలేటీ లేదు" అని నా చేత కూడా కొట్టించాడు. గీతలన్నీ కలిపి చూస్తే సూరిబాబు పూసినదాంట్లో సగానికి పైగా డొల్ల.

తర్వాత పూత అంతా రాలగొట్టించాడు. వేరు బయటపడింది. అప్పటికే దానికి ఎర్రటి చిగురు కూడా వచ్చింది. యోహాను క్రైస్తవుడు, ఆయనకు దాని మీద పట్టింపు లేదు. అయినా అత్తమ్మ దగ్గరికి వచ్చి, "అప్పాయమ్మప్పా, తియ్యమంతావా?" అని అడిగాడు. అత్తమ్మ తలాడించింది గానీ కళ్లు తుడుచుకుంది. "నువ్వు దండమెట్టుకో, నానొద్దన్ను. ఏరు గోడలో ఉంచీసి మాత్తరం ఎట్టకు. కింద మడుసులు బతకాల" అన్నాడు. ఒక పూట కాదు, రెండు రోజులు ఉలితో ఇటుక ఇటుకకీ సందు చేసి, వేరు తెగకుండా మొత్తం తీశాడు. తడి గోనెలో చుట్టి అత్తమ్మ చేతికిచ్చాడు. మీ బావగారూ నేనూ తీసుకెళ్లి ఈ ఊరి పద్ధతి ప్రకారం పగోడా ఆవరణ పక్కన నాటి వచ్చాం. ఫోటో తియ్యలేదు. గోడ ఇప్పుడు ఇంకా బూడిద రంగులోనే ఉంది. పూత బాగా ఆరితే గానీ రంగు వెయ్యనన్నాడు మేస్త్రి. ఆ బూడిద రంగు చూస్తుంటే నాకు ఎంత నెమ్మదిగా ఉంటోందో చెప్పలేను.

దో ఖిన్ చెయ్యి మానడానికి ఇంకా నెలలు పడుతుందట. బల్ల మా తిడా నడుపుతోంది. రోజూ తెల్లారగానే నేను కిందికి దిగి గిన్నెలు కడుగుతున్నాను. మొదటి వారం ఆ అమ్మాయి నా చేతిలో గిన్నెలు లాక్కుంది. ఇప్పుడు లాక్కోవడం లేదు, మాట్లాడ్డం కూడా లేదు. హెడ్‌మాస్టరుగారి చెల్లెలు రంగంలో వీధి పక్కన కూర్చుని గిన్నెలు తోముతోందని ఊళ్లో అడిగినవాళ్లకు చెప్పు. దాచకు.

ఇంతవరకూ జరిగిపోయింది. ఇది జరిగిపోయిన దాని గురించే అయితే నేను ఇంత కాగితం ఖర్చు పెట్టేదాన్ని కాదు. ఇప్పుడు గుడి ముందు వరండా పైన పిట్టగోడ బీటలు వారింది. వానలు ముదిరేలోగా బాగు చేయించాలని పెద్దలు అనుకున్నారు. ఆ పని సూరిబాబు అడుగుతున్నాడు. మా గోడ సంగతి నేను చెప్పాను. వాడు వచ్చి భూకంపం, పాత ఇటుకలు, అన్నీ చెప్పాడు. చివరికి ప్లాస్టిక్ తొడుగులో ఉన్న నీ కాగితం బయటికి తీశాడు. అది చూసి అందరూ మెత్తబడ్డారు. స్వదేశంలో ఉన్న గురువుగారు అబద్ధం రాస్తారా అన్నారు. ఆ వరండాలోనే ఆదివారాలు నేను పదకొండు మంది పిల్లలకు తెలుగు అక్షరాలు నేర్పుతున్నాను. లోపల గాలి ఆడదు, అందుకని వరండాలో, సరిగ్గా ఆ పిట్టగోడ కిందే కూర్చుంటారు.

అందుకే మంగళవారం నీకు ఫోన్ చేశాను. రాసింది వెనక్కి తీసుకో, రెండు మాటలు రాసి పంపించు అని అడిగాను. దానికి నువ్వేమన్నావు? "పెద్దవాణ్ణి, ఒకసారి రాసిచ్చాక కాదంటే నా పరువేమవుతుంది? వాళ్ల ఇంటివాళ్లు మా వీధిలోనే ఉన్నారు" అన్నావు. ఆ తర్వాత సిగ్నల్ పోయింది. నీ పరువు మన వీధి చివరి దాకా నడిచి వెళ్లి వస్తుందేమో. ఇక్కడ నీ కాగితం కిందకి వచ్చి కూర్చున్న మనిషికి ఎముక విరిగింది. చిన్నప్పటి నుంచి నీ మీద ఒక్క మాట పడనివ్వలేదు నేను. ఎవరు అడిగినా కాదనలేడు, మెత్తనివాడు అని అందరికీ సర్దిచెప్పేదాన్ని. మెత్తదనం కాదు అన్నయ్యా అది. ఎదుటివాడు మొహం చిన్నబుచ్చుకుంటే చూడలేవు, అంతే. చూడని మొహాలు ఏమైనా నీకు పట్టదు. ఈ మాట రాయడానికి నాకు చాలా బాధగా ఉంది. కొట్టెయ్యను.

నిన్న శనివారం భజన అయ్యాక లేచి నిలబడ్డాను. నీ కాగితం ఇమ్మని అడిగి, తొడుగు కత్తిరించి, అందరి ముందూ నా సంతకం కొట్టేశాను. నేను ఉన్నది ఉన్నట్టే చదివాను గానీ ఉన్నది నిజం కాదు, నాకు అప్పుడు తెలియదు, ఇప్పుడు తెలుసు అన్నాను. సూరిబాబు గుమ్మం దగ్గర నిలబడి తల దించుకున్నాడు. పోలారావు తాతగారు ఆ కాగితం చేతిలోకి తీసుకున్నారు. తర్వాత, "రవణమ్మా, నీ సంతకం సదివినందుకు. నువ్వు కొట్టీగలవు. మీ అన్నది ఎరిగినందుకు. ఎరిగినోడే కాదని సెప్పాల. అందాకా నాను ఎవలికీ పనియ్యను, ఎవల్నీ పొమ్మనను. పున్నమెల్లినాక మాత్రం ఆగలేను, వాన ఆగదు కదా" అన్నారు.

మినుముల వ్యాపారి అక్కడ నాలుగు రోజులుండి తిరిగి వస్తారు. ఆయన చేతికి నువ్వు ఒక కాగితం ఇవ్వాలి. ఎక్కువ రాయక్కర్లేదు. సూరిబాబు పని నేను ఎప్పుడూ చూడలేదు. తెలియకుండానే తెలుసని రాశాను. దాన్ని నమ్మి ఎవరూ పని ఇవ్వకండి. ఇంతే. వాడిని తిట్టమనడం లేదు. వాళ్ల నాన్న వచ్చి అడిగితే నా చెల్లెలు బలవంతం చేసిందని చెప్పుకో, నాకేం అభ్యంతరం లేదు. నువ్వు రాయకపోతే నీతో తగువుండదు, మాటలూ ఉండవు. తైలం మాత్రం పెద్దమ్మకు పంపుతూనే ఉంటాను.

పెద్దమ్మకు నా నమస్కారాలు చెప్పి, ఆవిడ దీవెన అడిగానని చెప్పు. వదినకు అడిగానని చెప్పు, ఆవకాయ జాడీ ఒకటి వీలైతే ఆ వ్యాపారి చేతికే ఇవ్వమను, కారం తగ్గించి, అత్తమ్మ తినలేదు. పిల్లలకు ముద్దులు. ఆయన నీకు నమస్కారం చెప్పమన్నారు. ఈ ఉత్తరం ఇంత కఠినంగా ఉండక్కర్లేదని కూడా అన్నారు, నేను ఒప్పుకోలేదు. అత్తమ్మ నీకు ఆశీస్సులు పంపుతోంది. ఎంత కోపమొచ్చినా నాకు అక్షరాలు దిద్దించినవాడివి నువ్వే. నీ ఆశీర్వాదం కోరుతూనే ఉన్నాను.

ఒక్క సంగతి. ఆ కాగితం పెద్ద పెద్ద అక్షరాలతో, ఒత్తులు విడివిడిగా కనిపించేలా రాయి. ఈసారి నేను చదవను. ఆ వరండాలో కూర్చునే పిల్లల చేత కూడబలుక్కుని చదివిస్తాను, కింద వాళ్లే సంతకం పెడతారు.

నీ చెల్లెలు
రమణ